సియోల్‌లో సంగటి

మా బుక్కపట్నం పెద్దాయన సియోల్ చూసొచ్చాడు.

సూట్‌కేసు 23 కిలోలు. బట్టలు నాలుగు కిలోలే. తక్కినదంతా రాగిపిండి, చెనిక్కాయల పొడి, ఊరగాయ.

గ్యోంగ్‌బోక్‌గుంగ్ కోట టికెట్ 3,000 వన్లు. మన లెక్కలో రెండు వందలకు అటూ ఇటూ. వాళ్ల హాన్‌బోక్ బట్టలు తొడుక్కుంటే టికెట్ లేదు. ఈయన తొడిగాడు. బట్టల అద్దె టికెట్టుకు కొన్ని రెట్లు.

‘‘మిగిల్చినాం కదప్పా!’’

కోట 1395 నాటిదని గైడు చెబితే నోరెళ్లబెట్టాడు. మన పెనుకొండ గగన్‌మహల్ మాత్రం ఇంతవరకూ చూడలేదు. అక్కడికి విమానం పోదు మరి.

హాన్ నది చూపించారు.

‘‘మా చెరువు మరువ పారేటప్పుడు చూడాల నువ్వు!’’

గ్వాంగ్‌జాంగ్ మార్కెట్‌లో బిందెత్తొక్ పెట్టారు. పెసలు రుబ్బి, నూనెలో కాల్చిన అట్టు. తిప్పి చూశాడు. వాసన చూశాడు.

‘‘అల్లం చట్నీ యాడ?’’

కిమ్చీని మాత్రం ముట్టలేదు. పాచి వాసనంట.

ఊరికొచ్చిన వారానికే బంధువులను పెనుకొండకు తోలుకుపోయాడు. 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక ఆ దిక్కున కొరియా హోటళ్లు వెలిశాయి కదా. ప్లేటు కిమ్చీ తెప్పించి, పుల్లలు పట్టుకుని ఫొటో దిగాడు. వాట్సాప్ స్టేటస్: ‘మిస్ యూ సియోల్’.

రోడ్డుకు అవతల బండి దగ్గర కొరియా ఇంజనీరొకాయన ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ లాగిస్తున్నాడు.

చేత్తోనే.