రేపు లాంగ్ రన్ ఉందండీ

శనివారం రాత్రి రిసెప్షన్‌లో రన్నర్ దంపతుల్ని గుర్తుపట్టడం చాలా తేలిక. వధూవరులింకా మేకప్ గదిలో ఉండగానే పెళ్ళికూతురి తండ్రి చేతిలో కవరు పెట్టేసి, ఖాళీ సింహాసనాల ముందు ఒక ఫొటో దిగి, ఎనిమిదింటికల్లా బఫేలో మొదటి ప్లేటు అందుకునేది వీళ్ళే. "అప్పుడే బయల్దేరుతున్నారేం బావగారూ?" అని ఎవరైనా అడగడమే ఆలస్యం, ఇద్దరూ ఒకే గొంతుతో "రేపు లాంగ్ రన్ ఉందండీ" అంటారు. అన్నాక వెంటనే వెళ్ళరు. "ఎన్ని కిలోమీటర్లు?" అని అవతలివాళ్ళు అడగాలి. అడిగేదాకా చెప్పులు వేసుకోరు.

కొండాపూర్, మియాపూర్, నల్లగండ్ల వైపు ఇప్పుడు ఇలాంటి జంట లేని అపార్ట్‌మెంట్ అరుదు. వయసు నలభైకి అటూఇటూ. ఇద్దరికీ ఉద్యోగాలు, ఇంటర్ చదివే పిల్ల, ఇంకా తీరని ఇంటి అప్పు. ఏదో ఒక ఏడాది కంపెనీవాళ్ళు చేయించే హెల్త్ చెకప్‌లో భర్తగారి షుగరు 'బోర్డర్‌లో ఉంది' అని వస్తుంది. మన మధ్యతరగతి మీద బోర్డర్‌కి ఉన్న పట్టు షుగరుకి లేదు. నిజంగా షుగరొచ్చినవాడు మాత్ర వేసుకుని మైసూర్‌పాక్ తింటాడు. బోర్డర్‌లో ఉన్నవాడు వెళ్ళి బూట్లు కొంటాడు.

ఆ కొనడం ఒక ఘట్టం. షాపు కుర్రాడు ఆయన్ని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, పాదాలు వీడియో తీసి, "సార్, మీకు ఓవర్ ప్రొనేషన్ ఉంది" అంటాడు. ఇన్నేళ్ళూ ఆ పాదాలతోనే సిటీ బస్సుల వెంటపడిన మనిషి ఒక్కసారిగా డీలా పడిపోతాడు. పద్నాలుగు వేల జత, అదీ 'పట్టినట్టు ఉండాలి' అని సరిగ్గా తన కొలతది, తీసుకుంటాడు. ఆవిడ మాత్రం "పరిగెత్తితే పాదాలు ఉబ్బుతాయట, అర సైజు పెద్దది చూడు బాబూ" అని, పోయినేడాది మోడల్ సగం ధరకి పట్టుకొస్తుంది. ఈ అర సైజు తేడా జూలైలో ఆయన కుడి బొటనవేలి గోరు నల్లబడి ఊడినప్పుడు గాని అర్థం కాదు. ఇంటికొచ్చాక ఆయన అమ్మగారికి ధర 'రెండువేల చిల్లర' అని చెబుతారు. అందులో చిల్లర పన్నెండు వేలు.

తర్వాత దూరం సంగతి. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. మన దగ్గర ట్యాంక్‌బండ్ మీద బెలూన్లు ఎగరేసి రెండు కిలోమీటర్లు నడిచినా మర్నాడు పేపర్లో మారథాన్ అనే పడుతుంది గాని, రన్నర్లు ఒప్పుకోరు. ఆయనకి ఫుల్ కావాలి. ఆవిడ టెన్ కే చాలంది. బేరాలయ్యాక ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి, అంటే ఇరవై ఒక్క కిలోమీటర్ల చిల్లరకి కుదిరింది. ఉగాదినాడు పచ్చడి తిని, ఇద్దరి పేర్లూ నమోదు చేసి, ఆయన సోఫాలో కూర్చుని ఈ పరుగు పుట్టుపూర్వోత్తరాలు ఎత్తుకున్నాడు. క్రీస్తుపూర్వం 490లో మారథాన్ అనే చోట గ్రీకులు పర్షియన్లని ఓడించారనీ, ఆ కబురు చెప్పడానికి ఫైడిపిడీస్ అనే సైనికుడు ఏథెన్స్ దాకా పరిగెత్తుకొచ్చాడనీ, 'గెలిచాం' అని చెప్పి అక్కడే ప్రాణం వదిలాడనీ, ఆయన జ్ఞాపకార్థమే ఈ పరుగనీ.

వత్తులు చేసుకుంటున్న వాళ్ళమ్మగారు తలెత్తి, "అయితే ఏటా ఆయన తద్దినం పెడుతున్నారన్నమాట" అంది. కాసేపాగి, "మన పెద్దనాన్నగారిది మాత్రం నీకెప్పుడూ గుర్తుండదు" అని కూడా అంది.

అది కట్టుకథే కావచ్చనీ, ఆ 42.195 లెక్క 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగు విండ్సర్ కోట దగ్గర మొదలై స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటు ముందు ముగియాలనుకోవడం వల్ల వచ్చిందనీ ఆయన చెప్పబోయాడు. రాజుగారి సుఖం కోసం ఊరందరూ పరిగెత్తడం వాళ్ళమ్మగారికి కొత్తగా అనిపించలేదు.

మర్నాటినుంచి శిక్షణ. ఆయన వాచీకి ఉపగ్రహాలు దొరికాకగాని అడుగు వెయ్యడు. అపార్ట్‌మెంట్ గేటు బయట చెయ్యి పైకెత్తి, తూర్పుకేసి కళ్ళు చికిలించి నిలబడతాడు, సూర్యుడికి అర్ఘ్యం ఇస్తున్నట్టు. ఈలోగా ఆవిడ సందు చివరిదాకా వెళ్ళి తిరిగొస్తుంది. ఆ సందులో కుక్కలు ఆవిడని రెండోరోజుకే మర్చిపోయాయి. ఆయన నియాన్ చొక్కా మాత్రం వాటికి నెలరోజులదాకా అలవాటు కాలేదు. తిరిగొచ్చాక ఇంకో తతంగం. వాచీ 9.87 చూపిస్తే పది చేయకుండా మనిషి ఇంట్లోకి రాడు. సెల్లార్‌లో సిగ్నల్ అందదు కనక, గేటుకీ తులసికోటకీ మధ్య మణికట్టు చూసుకుంటూ తిరుగుతాడు. వాచ్‌మన్ టార్చి పట్టుకొచ్చి, "ఏం పోయింది సార్?" అని తనూ వెతకడం మొదలెడతాడు.

ఇవన్నీ ఏ రన్నరుకైనా ఉండేవే. జంటగా పరిగెత్తేవాళ్ళ ప్రత్యేకత ఈజీ రన్‌లో బయటపడుతుంది. శిక్షణలో చాలా రోజులు నెమ్మదిగానే పరిగెత్తాలి. నెమ్మది అంటే ఎంత అన్నదానికి కోచ్‌లు చెప్పే కొలమానం, పక్కవాళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగడం. రొప్పుతూ మాట ముక్కలైతే వేగం ఎక్కువైనట్టు. పెళ్ళయినవాళ్ళ సంగతి ఆలోచించకుండా పెట్టిన నియమం ఇది.

ఎందుకంటే ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ ఇంట్లో మాటలు గ్యాస్ బుకింగూ, మెయింటెనెన్సూ, 'తాళాలు ఎక్కడ' దాకా సన్నబడి ఉన్నాయి. ఇప్పుడు తెల్లారి ఐదింటికి, టీవీ లేకుండా, ఆఫీసు కాల్స్ లేకుండా, అత్తగారు లేకుండా, నలభై నిమిషాలు పక్కపక్కన. ఇంత మంచి అవకాశం ఆవిడకి పెళ్ళయ్యాక ఎప్పుడూ దొరకలేదు.

"మీ తమ్ముడికిచ్చిన నాలుగు లక్షలు అడిగారా?"

"అడుగుతా."

"ఎప్పుడు?"

"హార్ట్ రేట్ పెరుగుతోంది. మాట్లాడకు."

"నాకు పెరగట్లేదే. శంకర్‌పల్లి స్థలం అమ్మి ఇచ్చేస్తానన్నాడు కదా. ఆ స్థలం సంక్రాంతికే అమ్మేశాడనీ, కారు కొన్నాడనీ మొన్న మీ పెద్దక్కయ్యే చెప్పింది."

ఆయన జవాబివ్వలేదు. కిలోమీటరుకి ఎనిమిది నిమిషాల మనిషి ఆరున్నరకి వచ్చాడు. ఆవిడ ఎనిమిది దగ్గరే, వాక్యం ఎక్కడా విరక్కుండా, వెనకనుంచి చెప్పుకొస్తూనే ఉంది. కూడలిలో ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి ఉండగా అందుకుని, "నలుపు రంగుదట" అని ముగించింది.

ఆ పూట యాప్‌లో ఆయనకి 'ఇప్పటివరకూ మీ అత్యుత్తమ 5 కే' అని పతకం బొమ్మ వచ్చింది. స్నేహితులు బొటనవేళ్ళు ఎత్తారు. తేదీలు దగ్గర పెట్టుకుని చూస్తే ఆయన రికార్డులన్నీ మూడే మూడు విషయాలకి పుట్టినవి: తమ్ముడి అప్పు, మామగారి బైపాస్‌కి సెలవు పెట్టకపోవడం, ఆయన వద్దన్నాక రెట్టింపైన కోకాపేట స్థలం. ఆ స్థలం ఊసొచ్చిన రోజుల్లో ఆయన్ని కుక్కలు కూడా అందుకోలేకపోయేవి.

దీని పర్యవసానం మోకాలు. నెమ్మదిగా పరిగెత్తాల్సిన రోజు వేగంగా పరిగెత్తినవాడికి, వేగంగా పరిగెత్తాల్సిన రోజు కాళ్ళు లేవవు. ఎముకల డాక్టరు నెలరోజులు పరుగు మానమన్నాడు. మన రన్నరు మానలేదు, డాక్టరుని మానేశాడు. వెతికి వెతికి తనూ మారథాన్లు పరిగెత్తే డాక్టరుని పట్టుకున్నాడు. ఆయన మోకాలు రెండు నిమిషాలూ, తన ముంబై మారథాన్ ఫొటోలు ఇరవై నిమిషాలూ చూసి, "వారం తగ్గించి చూద్దాం" అన్నాడు. ఇంట్లోకి ఫోమ్ రోలర్ వచ్చింది. ఆయన హాల్లో దాని మీద పడుకుని తొడలు దొర్లిస్తూ మూలుగుతుంటే, పక్క ఫ్లాట్ వాళ్ళు మొదట్లో తలుపు కొట్టి అడిగేవాళ్ళు.

నా అభిప్రాయం అడిగితే ఈ కాలపు పిచ్చుల్లో ఇది నయం. షేర్ల గురించి చెప్పేవాడు చివరికి మన డబ్బు అడుగుతాడు. రన్నరు మన సమయం ఒక్కటే అడుగుతాడు. కాకపోతే ఇచ్చినంతా తీసుకుంటాడు.

ఇంటిల్లిపాదికీ కలిసొచ్చింది అన్నం విషయంలోనే. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో రాత్రిళ్ళు అన్నం నిషిద్ధం. కొర్రలు, సామలు, పుల్కాలు, ఒక చెడ్డ ఏడాదిలో కాలీఫ్లవర్ తురుము. ఇప్పుడు కార్బ్ లోడింగ్ అనే పేరుతో అన్నం దర్జాగా తిరిగొచ్చింది. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ సుమారు ముప్ఫై కిలోమీటర్ల తర్వాత అడుగంటుతుందనీ, దాన్నే 'గోడకి కొట్టుకోవడం' అంటారనీ, అందుకే ముందు రెండు మూడు రోజులు పిండిపదార్థం దట్టించాలనీ ఆయన వివరించాడు. తాము పరిగెత్తేది ఇరవై ఒకటే కదా, ముప్ఫై దగ్గరుండే గోడ మనకెలా తగులుతుందని కూతురు అడిగింది. పెద్దవాళ్ళు మాట్లాడుకునేటప్పుడు మధ్యలో రావద్దన్నారు. వాళ్ళమ్మగారు వారం రోజులపాటు పులిహోర, దద్ధ్యోజనం, కట్టుపొంగలి వండి పెట్టింది. ఏం లోడింగో ఆవిడకి తెలియదు గాని, కొడుకు మళ్ళీ మారు అన్నం అడిగాడు, అది చాలు.

శ్రావణమాసం గొడవలు మాత్రం ఆ నెలలో పరిగెత్తేవాళ్ళకే తెలుస్తాయి. పద్దెనిమిది కిలోమీటర్ల ఆదివారం నాడే ఆవిడ పిన్నిగారి మనవరాలి పెళ్ళి, ముహూర్తం తెల్లవారుజామున నాలుగూ నలభై. ఇద్దరూ బూట్లు కారులో పెట్టుకుని వెళ్ళారు. జీలకర్రా బెల్లం పెట్టగానే అక్షింతలు వేసి, బాత్రూముల్లో బట్టలు మార్చుకుని, ఫంక్షన్ హాలు వెనకనుంచి రోడ్డెక్కారు. ఆవిడ జడలో మల్లెపూలు అలాగే ఉండిపోయాయి. పరుగు పూర్తయ్యేసరికి టిఫిన్ల పంక్తి నడుస్తోంది. చెమటతోనే కూర్చున్నారు. పెళ్ళివారు వీళ్ళని కేటరింగ్ మనుషులనుకుని సాంబారు తెమ్మన్నారు.

పందెం రోజు పీపుల్స్ ప్లాజా దగ్గర, ఇంకా చీకటి విడవలేదు. సన్నటి తుంపర, విపరీతమైన ఉక్క, వేలమంది వంటినిండా బామ్ వాసన. పక్కనున్న హుస్సేన్‌సాగర్ దాన్ని అధిగమించాలని చూస్తోంది. ఇద్దరూ కలిసే పరిగెత్తుదామని ఒప్పందం. ఆ ఒప్పందం మొదటి మలుపుదాకా ఆగింది. తనకన్నా పొట్ట ఉన్నవాడొకడు దాటిపోవడం ఆయన భరించలేకపోయాడు. మారథాన్ టైములు లెక్కగట్టి చూసినవాళ్ళు తేల్చిన సంగతే ఇది: మొదట్లో విరగబడి పరిగెత్తి చివర్లో చతికిలపడడంలో ఆడవాళ్ళకన్నా మగవాళ్ళే ముందుంటారు. ఈ ముక్క ఆవిడ ముందురోజు రాత్రే ఫోన్లో చదివి వినిపించింది కూడా. "1984 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మారథానే పెట్టలేదట, తట్టుకోలేరని" అని కూడా చదివింది. "నేను వద్దన్లేదుగా" అన్నాడాయన.

ఈ ఊరు చదునుగా ఉంటుందని కార్లలో తిరిగేవాళ్ళే అనుకుంటారు. సాగర్ ఒడ్డునుంచి జూబ్లీహిల్స్ ఎక్కేదాకా ప్రతి ఫ్లైఓవర్ కాళ్ళకి లెక్క అప్పజెబుతుంది. పదిహేనో కిలోమీటరు దాటాక, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర, ఆయన రెయిలింగ్ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. పిక్క పట్టేసింది. ఒక వలంటీరు కుర్రాడు స్ప్రే కొడుతుంటే మరొకడు ఉప్పు చల్లిన నారింజ తొనలు నోట్లో పెడుతున్నాడు. సరిగ్గా అప్పుడు, బయల్దేరినప్పటి వేగంతోనే, పక్కన ఎవరో తెలియని ఆవిడతో ఇంటర్ కాలేజీ ఫీజుల గురించి మాట్లాడుకుంటూ భార్యగారు వచ్చింది. ఆగింది. ఆయన మొహం, పిక్క, నారింజ తొన చూసింది.

"ఏవండీ, కారు తాళం మీ దగ్గరే ఉంది కదా?"

ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు.

ఆయన గచ్చిబౌలి స్టేడియంలోకి వచ్చేసరికి ఆవిడ మెడలో పతకంతో గట్టుమీద కూర్చుని ఉప్మా తింటోంది. ఆయన పొట్లం కూడా విప్పేసింది, చల్లారిపోతుందని. ఆ సాయంత్రం లిఫ్టు పనిచేయక, ఇద్దరూ గోడ పట్టుకుని వెనక్కి వెనక్కి మెట్లు దిగుతుంటే కూతురు వీడియో తీసింది. మెడల్ కొరుకుతున్న ఫొటోకన్నా దానికే కుటుంబం గ్రూపులో ఎక్కువ స్పందన వచ్చింది. తమ్ముడు కూడా దండం బొమ్మ పెట్టాడు. అప్పు ప్రస్తావన లేదు.

రాత్రి పదింటికి ఆయన మోకాలికి ఐసు ముక్కలు కట్టుకుని వాచీలో గ్రాఫులు చూసుకుంటున్నాడు. గన్ టైమ్ కాకుండా చిప్ టైమ్ తీసుకుంటే, స్ప్రే కొట్టించుకున్న నిమిషాలు వదిలేస్తే, ఇద్దరికీ తేడా పెద్దగా లేదని తేలుతోంది. ఆవిడ లాప్‌టాప్ ముందు కళ్ళజోడు పెట్టుకుని ఏదో నింపుతోంది.

"వైజాగ్‌ది. బీచ్ రోడ్డులో ఫ్లైఓవర్లు ఉండవుగా" అంది, తలెత్తకుండానే.

"మళ్ళీ హాఫేనా?"

"ఫుల్. మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చుంటుంది, చూడండి."

ఆయన చూశాడు. వచ్చింది. "ఇద్దరికా, ఒక్కళ్ళకా?" అన్నాడు.

"ముందు నంబరు చెప్పండి, టైమైపోతోంది."