ఇరవై రెండు రోజుల తల్లి

తమిళనాట ఆడపిల్ల డిగ్రీకి సర్కారువారు కొన్నేళ్లు ఖచ్చితమైన వెల కట్టారు. మూవలూరు రామామృతం అమ్మయ్యార్ పేరిట పెళ్లి సాయం ఉండేది. పది చదివిన పెళ్లికూతురికి 25 వేలు, డిగ్రీ ఉంటే 50 వేలు. తాళికి 8 గ్రాముల బంగారం ఇద్దరికీ సమానం. అంటే మూడేళ్ల బీకాం చదువు ఖరీదు అచ్చంగా 25 వేలు. ఇంత సూటిగా చెన్నై షావుకారుపేట అంగళ్లలో కూడా బేరం చెప్పరు.

2022లో ఆ పద్దు మార్చారు. ప్రభుత్వ బడిలో చదివి కాలేజీకి వెళ్లే అమ్మాయికి నెలకు వెయ్యి ఇచ్చే ‘పుదుమై పెణ్’ పథకాన్ని సెప్టెంబర్ 5న ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రారంభించారు. ఎక్కడనుకున్నారు? మన జార్జి టౌనులోనే, టంగుటూరి ప్రకాశంగారి పేరున్న బ్రాడ్‌వే రోడ్డులోని భారతి మహిళా కళాశాలలో. పెళ్లికిచ్చే డబ్బు చదువుకు మళ్లింది. మంచి పనే, వెక్కిరించను. కానీ చదువు మధ్యలో పెళ్లయితే? ఆనక నెల తప్పితే?

సెమిస్టరుకు 90 పనిదినాలు అనుకోండి. హాజరు 75 శాతం ఉండాలి. పోగా మిగిలేవి 22 రోజులు. పదకొండో రోజున పురుడు, ఇరవై ఒకటో రోజున బారసాల. ఇరవై రెండో రోజున చుట్టాలను బండెక్కించి, మర్నాడు పొద్దున్నే కాస్ట్ అకౌంటింగ్ క్లాసులో కూర్చోవాలి. మన పెద్దవాళ్లు యూజీసీని అడిగే ముహూర్తాలు పెట్టారేమో! హాజరు ఇంకాస్త తగ్గితే జరిమానా కట్టించుకుని కనికరించే పద్ధతీ ఉంది.

అదే పీహెచ్‌డీ చేసే ఆవిడకు 2016 నుంచే 240 రోజుల దాకా సెలవు ఇవ్వవచ్చు. ఉద్యోగినికి 2017 నుంచి 26 వారాలు. బీకాం పిల్ల కడుపులో బిడ్డే చవకైనట్టుంది. డిగ్రీ, పీజీ అమ్మాయిలకూ ప్రసూతి సెలవు, హాజరు సడలింపు ఉండేలా తగిన నిబంధనలు రాసుకోండని 2021 డిసెంబర్ 14న యూజీసీ విశ్వవిద్యాలయాలకు ఉత్తరం రాసింది. ఉత్తరమంటే తెలుసుగా, అందుకున్నామని బదులు రాస్తే సరిపోతుంది. ఆపై ఉపసంఘం, ఉపసంఘం మీద ఇంకో సంఘం. బిడ్డకు ఆ మర్యాదలు తెలియవు, తొమ్మిది నెలలకే వచ్చేస్తుంది.

సరే, మన బీకాం పిల్ల చంటిబిడ్డను తన తల్లికి అప్పగించి డిగ్రీ పూర్తి చేసిందనుకుందాం. గోడౌన్ వీధి బట్టల కొట్లో మొదటి ప్రశ్న, ‘ట్యాలీ వచ్చా?’ రెండోది, ‘పిల్లలున్నారా అమ్మా?’ ఈ రెండో ప్రశ్న ఏ మగ గుమాస్తానూ అడగ్గా వినలేదు.

కొట్టు వద్దంటే సర్కారు కొలువు. బ్రాడ్‌వేకి కూతవేటు దూరంలోనే ఆ కొలువులకు పరీక్షలు పెట్టే టీఎన్‌పీఎస్సీ ఆఫీసు. 2024లో గ్రూప్-4 ఉద్యోగాలు 6,244 అని ప్రకటిస్తే దరఖాస్తులు 20 లక్షల పైచిలుకు. దానికి కావలసిన చదువు పదో తరగతి. పెళ్లి పందిట్లో 25 వేలు ఎక్కువ పలికిన డిగ్రీ ఇక్కడ పదితో ఒకే బెంచీ మీద కూర్చుంటుంది. మన తెలుగు పిల్ల అయినా తమిళం పేపర్లో 40 శాతం తెచ్చుకోవాలి, లేకపోతే రెండో భాగం దిద్దరు కూడా.

విశ్వవిద్యాలయాల పాలకమండళ్లకు నాదొక్క మనవి. ప్రసూతి సెలవును ప్రిన్సిపాలుగారి దయకు వదలకండి. బీకాం అమ్మాయికి ఎన్ని రోజులో అంకె వేసి, నిబంధనల్లో అచ్చు వేయించండి.