నెల్లూరు చిరునామాకు నీళ్ల బిల్లు

కిలో గొడ్డుమాంసం తయారవడానికి ప్రపంచ సగటున 15,400 లీటర్ల నీళ్లు కావాలని నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయ పరిశోధకులు మెకోనెన్, హోక్‌స్ట్రా 2010లో లెక్క తేల్చారు. దాంతో ప్రపంచానికి ఒక ముద్దాయి దొరికాడు. తెల్లని ఒళ్లు, మూపురం, వేలాడే గంగడోలు. స్వస్థలం నెల్లూరు జిల్లా.

నవ్వకండి. గొడ్డుమాంసం ఎగుమతుల్లో ప్రపంచంలోనే ముందున్న దేశం బ్రెజిల్. అక్కడి పశువులు ఇరవై కోట్ల పైచిలుకు. మాంసం కోసం పెంచే మందల్లో సింహభాగం మన ఒంగోలు జాతి సంతతే. వాళ్లు ముద్దుగా నెలోర్ అంటారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ రోజుల్లో ఓడలెక్కిన గిత్తలకు జిల్లా పేరే ఇంటిపేరైంది. 1960ల్లో బ్రెజిల్‌వాళ్లు మళ్లీ వచ్చి ఒంగోలు దగ్గరి కరవది నుంచి ఒక గిత్తను పట్టుకెళ్లి వంశకర్తను చేసుకున్నారు. ఆ జాతి ఆవు వియాటినా-19 సుమారు 1,100 కిలోలు తూగి, మన లెక్కలో దాదాపు 40 కోట్ల రూపాయల ధర పలికి గిన్నిస్ పుస్తకానికెక్కింది. మనవాళ్లు వాట్సాప్‌లో మీసాలు మెలేశారు. మరి కీర్తి మనదన్నప్పుడు నీళ్ల బిల్లు కూడా మన గడపకే రావాలిగా!

బిల్లు కట్టేముందు మీటరు చూసుకోవడం మన హక్కు. పుట్టినూళ్లో ఈ ముద్దాయి ఏం తాగాడు? కుడితి. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, గుప్పెడు తవుడు, కాపు బాగుంటే ఇంత తెలగపిండి. ఇల్లాలు ఒకసారి వాడిన నీళ్లనే తొట్టిలో మూతి ముంచి, ముక్కు దాకా నురగ అంటించుకుని, అడుగున ఉన్న తవుడు కూడా నాకేసేవాడు. ఇదే పని ఇవాళ ఏ ఫ్యాక్టరీ అయినా చేస్తే ‘నీటి పునర్వినియోగం’ అని ఫ్లెక్సీ కట్టి, మంత్రిగారి చేత రిబ్బన్ కోయించి, అవార్డు కూడా పుచ్చుకునేది. తిండి అంటారా, గింజ మనం తిన్నాక మిగిలిన జొన్న చొప్ప, వరిగడ్డి. పైగా పొలం దున్ని, బండి లాగి, పేడ వేసి అప్పు తీర్చేవాడు.

ఇంకో సంగతి. ఆ 15,400 లీటర్లలో నూటికి తొంభైకి పైగా మేత మీద కురిసిన వానే. పశువు నోటితో తాగేది అందులో పిసరంత. గడ్డి మీద పడిన వానకు బిల్లేమిటని మీరడగొచ్చు. గడ్డి ఎక్కడ మొలిచిందన్నదే పేచీ. అమెజాన్ అడవి నేల నుంచి నీళ్లు తోడి ఆవిరిగా పైకి పంపితే, గాలి దాన్ని మోసుకెళ్లి దక్షిణాన వానగా కురిపిస్తుంది. నరికిన అడవిలో ఎక్కువ భాగం ఇప్పుడు పశువుల బీడు. అదే అమెజాన్‌లో 2023 అక్టోబరులో మనౌస్ నగరం దగ్గర రియో నీగ్రో నది రికార్డు స్థాయికి పడిపోయింది, మరుసటి ఏడే ఆ రికార్డునూ దాటి ఇంకా కిందికి దిగింది. కరువుకు కారణాలు ఇంకా ఉన్నాయి గానీ, రంపం పట్టినవాడిని వదిలేసి మూపురమున్నవాడి మీద కేసు పెట్టడం మాత్రం లోకరీతి.

ఇక పుట్టింటి వైభవం చూద్దాం. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు వెళ్లండి. గిత్త కనబడితే ఫొటో తీసి పంపండి. కనబడేవి రొయ్యల గుంటలు, వాటిలో తిరిగే ఏరేటర్లు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చింది, ఆ వెనకే తెల్లమచ్చ రోగం వచ్చింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ జోన్‌లోని గుంటలు పడగొట్టమంది. 2005లో పార్లమెంటు చట్టం చేసి అవే గుంటలకు పీట వేసి కూర్చోబెట్టింది. 2009 నుంచి వనామి రొయ్య రాజ్యం. ఎండకు గుంటలో ఉప్పు ముదిరితే బోరు వేసి మంచినీళ్లు కలుపుతారు. కింద మంచినీళ్లు తగ్గిన మేర సముద్రం నేల లోపలి నుంచి జరిగొస్తుంది. పట్టుబడి అయ్యాక గుంటలో నీళ్లు కాలవ పాలు.

అటువైపు ఒక పెద్దాయన్ను అడిగాను, గొడ్లు మానేశారేం అని.

“బోరు నీళ్లు పెడితే మూతి పెట్టి ఎనక్కి తీసుకుంటాయి సామీ. మేమే క్యాను నీళ్లు కొనుక్కోని తాగతా ఉండాం. గొడ్డుకు క్యాను యాడ తెచ్చేది?”

కిలో మాంసానికి ఎన్ని లీటర్లో బడిపిల్లలు కూడా అప్పజెబుతారు. కిలో రొయ్యకు ఈ తీరంలో ఎన్ని లీటర్ల బోరు నీళ్లు పోశారో మాత్రం ఎవరూ పద్యంలా చెప్పరు. గిత్తను సాగనంపి నీళ్లు మిగుల్చుకున్నామనుకుంటే పొరపాటు. నీళ్లు కూడా ఓడెక్కుతూనే ఉన్నాయి, ఐసుపెట్టెల్లో.

ఆ పెట్టె మీద కౌంట్ ఉంటుంది, తూకం ఉంటుంది, గడువు తేదీ ఉంటుంది. ఇంకొక్క గీత గీసి, ఆ ఊరి బోరు ఎన్ని అడుగులకు దిగిందో, నీళ్లలో ఉప్పెంతో కూడా అచ్చు వేయించండి. కొనే అమెరికావాళ్లు చదవకపోయినా పర్లేదు, మన పంచాయతీ ఆఫీసు గోడ మీద ఆ కాగితం ఒకటి అంటిస్తే చాలు.