పేపర్ ముందే చెప్పేయండి

అలంపూర్, ఉండవల్లి, మానవపాడు, ఇటిక్యాల, రాజోలి మండలాల హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పే సార్లకూ టీచర్లకూ, అందులోనూ 2024 డీఎస్సీలో ఎంపికై కొత్తగా వచ్చినవాళ్లకు, పరీక్షలు పెట్టడం గురించి కొన్ని సలహాలు. ఇవి ట్రైనింగుల్లో చెప్పేవి కావు. స్టాఫ్‌రూములో పైకి అంటే "పిల్లల్ని చెడగొడతారా ఏం?" అని సీనియర్లు కోప్పడే రకం. అయినా చెప్తున్నాను. ఇప్పుడు మనం పెడుతున్న పరీక్షల్లో పిల్లలకు ఇంగ్లీషు వచ్చో రాదో తేలడం లేదు. గైడు ఎంత కంఠతా వచ్చిందో తేలుతోంది.

ముందుగా, స్లిప్ టెస్టు ప్రశ్నను దాచకండి. వారం ముందే బోర్డు మీద రాసి పిల్లలను నోట్సులో ఎక్కించుకోనివ్వండి. పదో తరగతి పబ్లిక్ పేపర్ సంగతి కాదు, మన చేతుల్లో ఉన్న ఎఫ్ఏల సంగతి, స్లిప్ టెస్టుల సంగతి. ఒక ప్రశ్నను దాచాల్సి వస్తోందంటే దాని జవాబు ఎక్కడో అచ్చయి ఉందన్నమాట. "అక్క పెళ్లికి రమ్మని స్నేహితుడికి లెటర్ రాయి" అని ఇవ్వండి, క్లాసు క్లాసంతా "ఐ యామ్ ఫైన్ హియర్, హోప్ యూ ఆర్ ఆల్సో ఫైన్ దేర్" అని మొదలుపెడుతుంది. అక్క లేని పిల్లవాడి లెటర్లోనూ గైడులో ఉన్న పెళ్లి తేదీయే ఉంటుంది. ఆ కాగితం చూసి వాడికి లెటర్ రాయడం వచ్చని ఎట్లా అనుకుంటాం?

దాచనక్కర్లేని ప్రశ్న ఇవ్వండి. "మీ ఇంటి దగ్గర్నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి ఎట్లా పోవాలో కొత్తగా వచ్చిన మనిషికి ఇంగ్లీషులో చెప్పు." అలంపూర్ పిల్ల చౌరస్తా దాకా ఆటోలో పోయి హైవే మీద బస్సు పట్టుకోమంటుంది. రాజోలి పిల్లవాడి దారి వేరు, మానవపాడు పిల్లవాడి దారి వేరు. వారం రోజులు టైముంటే వాళ్లు అన్ననడుగుతారు, ట్యూషన్ సారునడుగుతారు, ఫోన్లో వెతుకుతారు. వెతకనివ్వండి. ఆ వెతుకులాటలో నేర్చుకున్నది మన పీరియడ్లో నేర్చుకున్నదానికంటే తక్కువేం కాదు. టెస్టు రోజున మాత్రం చిన్న మార్పు చెయ్యండి: చౌరస్తాలో బస్సు తప్పిపోయింది, ఇప్పుడేం చెయ్యాలో రాయమనండి. దారిని ఇంగ్లీషులో ఆలోచించిన పిల్ల రెండు వాక్యాలైనా రాస్తుంది. కంఠతా పట్టిన పిల్ల పెన్ను పట్టుకుని కూర్చుంటుంది. ఎవరికి ఏం రావడం లేదో మనకు అక్కడే తెలిసిపోతుంది.

ప్యాసేజ్ ఇచ్చి కింద ప్రశ్నలడిగే పద్ధతి మీద నాకు ఇంకా పెద్ద ఫిర్యాదుంది. ఈ వాక్యం చూడండి: "ది బ్లిమ్ టోక్డ్ ది డ్రిన్ నియర్ ది ఫ్లెబ్." ఇందులో సగం మాటలకు అర్థమే లేదు, నేను కల్పించినవి. ఇప్పుడు ప్రశ్న: "వేర్ డిడ్ ది బ్లిమ్ టోక్ ది డ్రిన్?" జవాబు: "నియర్ ది ఫ్లెబ్." రెండు మార్కులు. బ్లిమ్ అంటే ఏమిటో మీకూ తెలీదు, నాకూ తెలీదు, టిక్కు మాత్రం పడిపోయింది. మన పిల్లల్లో చాలామంది ఏడో తరగతికల్లా ఈ పని నేర్చేసుకుంటారు. ప్రశ్నలో ఉన్న పెద్ద మాటను ప్యాసేజ్‌లో పట్టుకోవడం, అది ఉన్న వాక్యాన్ని ఫుల్‌స్టాప్ దాకా దించేయడం. ఆ పద్ధతిలోనే 35 దాటి పాసైపోయి, ఇంటర్‌లో చేరి, మొదటి నెలలోనే బెదిరిపోతారు.

అందుకని రెండో సలహా: ఇంగ్లీషు చదివించి జవాబు తెలుగులో రాయమనండి. ఇంగ్లీషు పరీక్షలో తెలుగేమిటని పెద్దలు గొడవ చేస్తారు, చెయ్యనివ్వండి. చదివి అర్థం చేసుకోవడం ఒక విద్య, రాయడం ఇంకో విద్య. మొదటిదాన్ని కొలిచేటప్పుడు రెండోదాన్ని అడ్డం పెడితే, అర్థమైన పిల్లకు సున్నా, వాక్యం దించిన పిల్లకు రెండు. తెలుగులో దించడానికి ప్యాసేజ్‌లో తెలుగు వాక్యమేమీ ఉండదు కదా. 2022-23లో మన సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం తెచ్చినప్పుడు ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉండే పుస్తకాలిచ్చారు. చదవడానికి రెండు భాషలు పనికొచ్చినప్పుడు పరీక్షకు ఎందుకు పనికిరావు?

ఇక్కడ చదివించడానికి పాఠ్యపుస్తకమే దిక్కు కాదు. మనది సీడు పత్తి పండించే సీమ. ప్రతి ఇంట్లో విత్తనాల ప్యాకెట్టు, పురుగుమందు డబ్బా ఉంటాయి. వాటి లేబుళ్లు ఫోన్‌తో ఫోటో తీసి, జిరాక్సు చేయించి తలా ఒకటి పంచండి. డబ్బా మాత్రం బడికి తేనివ్వకండి, ఖాళీది కూడా. ఇక అడగండి: మీ నాయన ఈ మందు కొట్టబోతున్నాడు, ముందు ఆయనకు ఏం చెప్తావు? ఆ లేబుల్ మీద డైమండ్ ఆకారపు గుర్తుంటుంది, దాని కింది సగంలో రంగుంటుంది. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, ఆపైన నీలం, చివర ఆకుపచ్చ. రంగు అందరికీ కనిపిస్తుంది. పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న జాగ్రత్తలే అసలు పరీక్ష. చేతులకు ఏం తొడుక్కోవాలి, మింగితే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు. విత్తనాల ప్యాకెట్టయితే మొలక శాతం, పరీక్షించిన తేదీ, ఎప్పటిదాకా వాడొచ్చు అనేవి వెతికించండి. పత్తి హైబ్రిడ్ విత్తనానికి కనీసం 75 శాతం మొలక ఉండాలి. ఆ అంకె ఎక్కడుందో పట్టి "నాయనా, ఇది నూటికి 75 మొలుస్తదంట" అని తెలుగులో రాసిన పిల్లకు నేనైతే నిండు మార్కులేస్తాను. గ్రామర్లో ఆ పిల్లకు ఎన్నొచ్చినా సరే.

డిక్టేషన్ మళ్లీ పెట్టండి. ఇది పాతకాలపు పని అని వదిలేశారు. రాబర్ట్ లాడో అనే అమెరికన్ పండితుడు 1961లో భాషా పరీక్షల మీద రాసిన పుస్తకంలోనే డిక్టేషన్ వల్ల పెద్దగా ఏమీ తేలదన్నాడు. మాటలూ మనమే చెప్తాం, వాటి వరుసా మనమే చెప్తాం, ఇక పిల్లవాడు చేసేదేముంది అని ఆయన వాదం. 1970ల్లో జాన్ ఆలర్ అనే ఇంకో పండితుడు దాన్ని తిప్పికొట్టాడు. అర్థం చేసుకోని చెవికి మాటలు మాటలుగా వినబడనే వినబడవని ఆయన చెప్పింది. నేను ఆలర్ పక్షం. కాకపోతే మాట మాటకీ ఆగుతూ, ఒక్కోదాన్ని మూడుసార్లు చెప్పే డిక్టేషన్ కాదు. ఏడెనిమిది మాటల ముక్క, మామూలు వేగంతో, ఒకే ఒక్కసారి. అంత పొడుగు ముక్కను అర్థం కాకుండా ఎవరూ తలలో నిలుపుకోలేరు.

ఉదాహరణకు 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి కర్నూలునూ అలంపూర్‌నూ ముంచిన సంగతి ఇప్పటి పిల్లలు ఇంట్లో వినే ఉంటారు. దాని మీద, రెండు ముక్కలుగా చెప్పే ఒక వాక్యం: "వెన్ ది రివర్ రోజ్, ది పీపుల్ ఇన్ ది లోవర్ స్ట్రీట్స్ మూవ్డ్ దెయిర్ గోట్స్ టు ది స్కూల్." ఒక పిల్ల ఇలా రాసింది అనుకోండి: "వెన్ రివర్ కేమ్ అప్ పీపుల్ టేక్ గోట్స్ టు స్కూల్." ఇంకొక పిల్లవాడు: "వెన్ ది రివర్ రోజ్ ది పీపుల్ ఇన్ ది లవర్ స్ట్రీట్స్ మూవ్డ్ దేర్ గోస్ట్ టు ది స్కూల్." మనకలవాటైన లెక్కలో రెండోవాడికే ఎక్కువ మార్కులు. వాడి వాక్యంలో చెప్పిన మాటలే ఎక్కువున్నాయి, తప్పులు మూడే. నా లెక్కలో మొదటి పిల్లకు నిండు మార్కులు. నీళ్లు పైకి రావడం, జనం మేకల్ని బడికి తోలుకుపోవడం ఆ పిల్ల కళ్లకు కట్టింది. వినబడ్డ మాట జారిపోతే తన మాట పెట్టుకుంది. రెండోవాడు ప్రేమికుల వీధుల్లోంచి దెయ్యాన్ని బడికి తీసుకొచ్చి కూడా ఇదేమిటని అనుమానపడలేదు. వాడికి కావాల్సింది స్పెల్లింగు ఇంపోజిషన్ కాదు, వినడం. ఈ తేడా ఎర్రసిరాకు అందదు. డిక్టేషన్ దిద్దేటప్పుడు స్పెల్లింగుకు ఒక్క మార్కు కూడా కొయ్యకండి.

మాట్లాడే పరీక్ష సంగతికొస్తే నాకు కడుపు మండుతుంది. పదో తరగతిలో 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 ఇంటర్నల్‌కు అని ఇన్నేళ్లుగా నడుస్తోంది. ఆ 80లో చెవికి ఒక్క మార్కు లేదు, నోటికి ఒక్క మార్కు లేదు. పరీక్షలో లేనిదాన్ని ఏ బడీ చెప్పదు. కేంబ్రిడ్జివాళ్లు 1913లో పరాయి దేశస్థులకు మొట్టమొదటి ఇంగ్లీషు పరీక్ష పెట్టారు. పన్నెండు గంటల పరీక్ష, రాసింది ముగ్గురు, ముగ్గురూ తప్పారు. అంత కర్కశమైన పరీక్షలో కూడా డిక్టేషనుంది, పైకి చదవడముంది, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడముంది. వందేళ్ల తర్వాత మన పిల్లలకు ఆ పాటి కూడా లేదు.

మీరు పెట్టండి, కానీ టేబుల్ ముందు నిలబెట్టి "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అనకండి. అదీ కంఠతానే. ఇంటికొచ్చిన చుట్టాలు "ఏదీ, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడు" అంటారే, అది ఇంకా దారుణం. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలోనే గురజాడ ఈ పరీక్షను చూపించాడు. వెంకటేశం తల్లి ముచ్చటపడి అడిగితే గిరీశమూ వెంకటేశమూ రైమ్ ముక్క ఒకటి, లెక్కల పుస్తకంలో వాక్యం ఒకటి ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. ఆ తల్లి మురిసిపోతుంది. ఆ అమాయకురాలిని తప్పుపట్టలేం. జీతం తీసుకునే మనం మురిసిపోతే మాత్రం తప్పే.

పిల్లల్ని గుడికి తీసుకుపోండి. నవబ్రహ్మ ఆలయాలు అలంపూర్ బళ్లకు నడిచిపోయేంత దూరంలో ఉన్నాయి, బాదామి చాళుక్యులు ఏడో శతాబ్దంలో కట్టించినవి. శిఖరాలు దూరం నుంచి చూస్తే ఒకే తీరుగా ఉంటాయి, దగ్గరికి పోతే ఏ ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. స్వర్గ బ్రహ్మ గోడల మీద ఉన్నన్ని బొమ్మలు బడి గోడల మీద ఎన్నేళ్లకూ గీయించలేం. అక్కడ ఇద్దరిద్దర్ని జత చెయ్యండి. ఒకరు గుడివైపు తిరిగి నిలబడాలి, ఇంకొకరు గుడికి వీపు పెట్టి నోట్‌బుక్ పట్టుకుని కూర్చోవాలి. చూసే పిల్ల ఇంగ్లీషులో చెప్పాలి, కూర్చున్న పిల్ల గీయాలి. "ఆన్ ది లెఫ్ట్", "అబవ్ ది విండో", "స్మాల్ వన్, నో, నో, స్మాలర్." మీరు దూరంగా ఉండండి, నోరు విప్పకండి. తెలుగు మాట దొర్లితే దొర్లనివ్వండి, పిల్లలే నవ్వుకుని సర్దుకుంటారు. పది నిమిషాల తర్వాత నోట్‌బుక్కు అందుకుని గుడి పక్కన పట్టి చూడండి. కిటికీ ఎడమనుంటే చెప్పిన పిల్లకూ విన్న పిల్లకూ ఇద్దరికీ మార్కులు, కుడికి పోతే ఇద్దరికీ పోయాయి. ఇందులో మన ఇష్టాయిష్టాలతో పని లేదు. బెరుకున్న పిల్లకు ముందు గీసే పని ఇచ్చి, ప్రశ్నలు అడగమనండి. అడగడానికి "వేర్?", "హౌ మెనీ?" చాలు.

పక్కవాడి పేపర్లో చూడనివ్వొచ్చా అంటే, ఒక్కోసారి చూడనివ్వండి. చూసింది అర్థం చేసుకుని తన మాటల్లో తిప్పి రాయమనండి, అంతే.

ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చే టెస్టులకు రాని పిల్లలకు సున్నా వెయ్యకండి. ఇది మన జిల్లాలో చెప్పి తీరాల్సిన మాట. ఆ రోజుల్లో సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ నడుస్తుంటుంది. సాయంత్రం మొగ్గ ఒలవడం, పొద్దున మగపువ్వు తెచ్చి రుద్దడం, రోజూ అదే పని, బడి గంట కొట్టే వేళకు ఆ పిల్లలు సాళ్ల మధ్యనే ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు. పద్నాలుగేళ్లలోపు పిల్లను బడి మాన్పించి చేనికి తోలడం చట్టప్రకారం నేరం, ఇంటికి పోయి ఆ మాట గట్టిగా చెప్పాల్సిందే. కానీ అక్టోబరులో ఆ పిల్ల తిరిగొచ్చేసరికి రిజిస్టర్లో సున్నా కనిపిస్తే, నాకు ఇంగ్లీషు రాదని తనకు తానే తీర్పు చెప్పుకుంటుంది. నవంబరుకల్లా పూర్తిగా మానేస్తుంది. సున్నా అంటే ఏమీ రాదని అర్థం. మనం ఆ పిల్లను ఏమీ అడగనే లేదు. అడగనిదానికి మార్కు ఎట్లా వేస్తాం? గడి ఖాళీగా ఉంచండి. తిరిగొచ్చిన వారం రోజులకు పక్కన కూర్చోబెట్టుకుని, వేరే ప్రశ్నతో, వేరే టెస్టు పెట్టండి. ఇన్‌స్పెక్షన్‌లో ఎవరైనా అడిగితే తేదీతో సహా చూపించండి.

మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి కదా, ఇవన్నీ అందులో ఎట్లా పడతాయని మీ హెడ్మాస్టరు అడుగుతారు. అంకె ఆయనకివ్వండి, పిల్లకు మాట ఇవ్వండి. స్లిప్ వెనక మూడు ముక్కలు తెలుగులో రాయండి: "లేబుల్ చదివి చెప్పగలదు. వింటే సగం పట్టుకుంటుంది. జరిగిపోయిన సంగతి చెప్పేటప్పుడు క్రియ తడబడుతోంది." ఇరవైకి పదకొండు అన్నదానికంటే ఈ మూడు ముక్కలతో ఆ పిల్ల రేపు ఏం చేసుకోవాలో తెలుసుకుంటుంది. జూన్‌లో బళ్లు తెరిచిన వారంలో ఒక్కో పిల్లతో ఒక నిమిషం మాట్లాడించి ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. ఫిబ్రవరిలో అదే పిల్లతో అదే విషయం మీద ఇంకో నిమిషం. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల షీటు మీద సంతకం పెట్టించుకునే ముందు ఆ రెండు నిమిషాలూ నాయనకో అమ్మకో వినిపించండి. వాళ్లకు ఇంగ్లీషు రాకపోయినా, బిడ్డ ఎక్కడ ఆగిపోయేదో ఇప్పుడు ఎక్కడ ఆగకుండా పోతోందో వాళ్ల చెవికి తెలుస్తుంది.