ముందు ఆర్చీ, తర్వాతే మోరీ

తెలంగాణ పురపాలక చట్టం 2019 ప్రకారం వార్డుకు నాలుగు కమిటీలు: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు. ఒక్కోదానిలో 15 మంది. అంటే వార్డుకు 60 బుర్రలు! జీతం లేదు, చాయ్ మాత్రం గ్యారంటీ.

చిన్న పట్నాల్లో వీళ్లు ప్రాధాన్యాలు తేల్చే తీరు చూసి తీరాలి. మొదటిది స్వాగత తోరణం. రెండోది ‘ఐ లవ్’ అక్షరాలతో సెల్ఫీ పాయింట్. ఇక ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఎంత సైజు? దీనిమీదే గంటన్నర. మోరీ సంగతి ‘ఇతర అంశాలు’ కింద, అదీ సమోసాలు అయిపోయాక. ఈలోగా వానొస్తే మురుగే సెల్ఫీ పాయింటు దాకా వచ్చి ఫొటో దిగిపోతుంది.

అయ్యా ప్రముఖులారా, వచ్చే మీటింగు మోరీ గట్టున పెట్టుకోండి. ఎజెండా దానంతటదే కుదురుతుంది.