ఆనంద నిలయం నడిపే పద్ధతి

ఇల్లు చక్కగా ఉంటే మనసు చక్కగా ఉంటుందని అందరూ అంటారు. ఎవరి ఇల్లు, ఎవరి మనసు అని మాత్రం ఎవరూ అడగరు. అడగకపోవడమే మంచిది, అడిగితే పనులు పంచుకోవాల్సి వస్తుంది. గేటు పక్కన గ్రానైట్ రాయి మీద ‘ఆనంద నిలయం’ అని బంగారు అక్షరాలు చెక్కించుకున్న గృహస్థుల కోసం, ఆ పేరు నిలబెట్టుకునే మార్గాలు కొన్ని చెబుతాను. ఇవన్నీ నేను కుర్చీలో కూర్చుని, కాళ్లు పైకెత్తి (కింద తడిగుడ్డ పెడుతున్నారు), లోతుగా ఆలోచించి కనిపెట్టినవి.

ముందు హాలు సంగతి. హాలు మనది కాదు, వచ్చేవాళ్లది. కనుక సోఫాతో పాటు వచ్చిన ప్లాస్టిక్ కవరు ఎప్పటికీ తీయకండి. మే నెలలో బెజవాడ ఎండకి అది ఒంటికి అతుక్కుని, లేచేటప్పుడు చర్రుమంటుంది. దాంతో మీవాళ్లెవరూ దాని మీద ఎక్కువసేపు కూర్చోరు, సోఫా పదేళ్లయినా కొత్తగానే ఉంటుంది. రిమోట్‌కి కవరు, ఫ్రిజ్ హ్యాండిల్‌కి తొడుగు, షోకేసుకి తాళం. ఆ షోకేసులో కొండపల్లి అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కబొమ్మలు ఉండాలి. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ, చెట్ల గింజల నుంచీ వేళ్ల నుంచీ తీసిన రంగులు కలిపిన లక్కతో మెరుగు పెడతారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంత శ్రద్ధగా చేసిన బొమ్మ పిల్లల చేతికి చిక్కితే ఏమవుతుంది? ఆడుకుంటారు. అందుకే తాళం చెవి బీరువాలో దాచండి.

ఇక పాత సామాను. పారేయకండి, పైకెక్కించండి. అటకలు, సజ్జలు ఉన్నది అందుకే. జారు విరిగిన మిక్సీ, రెక్క ఒకటే మిగిలిన ఫ్యాను, ‘ట్రాన్స్‌ఫరైతే పనికొస్తుంది’ అని దాచిన టీవీ అట్టపెట్టె (మీరు రిటైరై చాలా కాలమైంది, అయినా సరే). భోగి నాడు పనికిరాని చెక్కాముక్కా మంటలో వేయడం మన ఆచారం. ఆచారాన్ని మన్నించి ఒక విరిగిన పీట పట్టుకెళ్లండి. వేసేముందు ఇంకోసారి తిప్పి చూడండి, కోడు మార్పిస్తే బాగుపడేలా కనిపిస్తుంది. వెనక్కి తెచ్చేయండి. వీధిలో ఆటో మీద మైకు ‘పాత ఇనప సామాన్లు కొంటాం’ అని అరుస్తుంటే టీవీ సౌండు పెంచండి.

వస్తువును చేతిలోకి తీసుకుని ఆనందం కలుగుతోందా లేదా చూసుకోమని జపాన్ నుంచి మారీ కొండో అనే ఆవిడ లోకానికంతా నేర్పింది. మన ఇళ్లలో ఆ పరీక్ష వద్దు. కుక్కర్ గాస్కెట్‌ని ఎంతసేపు పట్టుకుంటే ఆనందం కలుగుతుంది? పైగా పరీక్ష ఒకసారి మొదలైతే వరసలో మన వంతూ రావచ్చు. ఆవిడే మూడో బిడ్డ పుట్టాక, ఇల్లు సర్దడం కాస్త వదిలేశానని 2023లో ఒప్పుకుంది. మనం ఆ మెట్టుకు పిల్లలు పుట్టకముందే చేరుకున్నాం.

దోమల గురించి రెండు ముక్కలు. డెంగీ దోమ మురుగులో కాదు, మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. హాల్లో అందంగా అమర్చిన మనీప్లాంట్ సీసా, ఫ్రిజ్ వెనకాల ట్రే దానికి బాగా నచ్చుతాయి. గుడ్డు దోమ అయ్యేందుకు వారం పది రోజులు పడుతుంది కనుక, వారానికోసారి నీళ్లు ఒంపేసి, గోడలకు అంటుకున్న గుడ్లు పోయేలా పాత్రను తోమి ఆరబెట్టమని ఊరూరా శుక్రవారం డ్రై డే పెట్టారు. శుక్రవారం తలంట్లు, పూజలు, కొత్త సినిమా. తీరికెక్కడ?

అసలు విషయానికొద్దాం. ఈ పనంతా ఎవరు చేయాలి? దీనికి నా దగ్గర శాస్త్రీయమైన జవాబు ఉంది. లాస్ ఏంజెలెస్‌లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లకు కెమెరాలు ఇచ్చి, మీ ఇల్లు మీరే తిప్పి చూపిస్తూ మాట్లాడండి అన్నారు. మా ఇల్లు చిందరవందరగా ఉంది, పనులు సగంలో ఉన్నాయి అని చెప్పుకున్న భార్యలకు, ఒత్తిడి హార్మోను కార్టిసాల్ సాయంత్రానికి తగ్గాల్సినంతగా తగ్గలేదట. 2010లో అచ్చయిన పరిశోధన ఇది. గమనించండి, ఇది తేలింది భార్యల విషయంలోనే. అంటే మాసిన బట్టల కుప్పను చూసి బాధపడే ప్రతిభ ప్రకృతి ఆమెకే ఇచ్చింది. ప్రతిభ ఉన్నచోటే బాధ్యత పెట్టాలి. మనం అదే కుప్పను దాటుకుంటూ మూడు రోజులు తిరగగలం.

ప్రభుత్వ లెక్కలూ ఇదే చెబుతున్నాయి. కేంద్ర గణాంక శాఖ సమయ వినియోగ సర్వే ప్రకారం, 2024లో ఇంటిపని చేసే ఆడవాళ్లకు రోజుకు సగటున 289 నిమిషాలు పట్టింది, చేసే మగవాళ్లకు 88. అసలు చేయని మగవాళ్లు ఈ సగటులో లేరు. నా పాఠకులు ఎక్కువమంది వాళ్లే. 2019లో ఇవే అంకెలు 299, 97. ఈ మధ్యలో ఆమెకు పది నిమిషాలు తగ్గాయి, మనకు తొమ్మిది. ఇద్దరికీ దాదాపు సమానంగా తగ్గడాన్ని సమానత్వం అనకపోతే ఇంకేమంటారు?

పని తప్పించుకోవడం చాలామందికి చేతకాక చెడ్డపేరు తెచ్చుకుంటారు. ‘నేను చేయను’ అనడం మోటు. ‘ఏమండీ, ఆ గ్లాసు కాస్త సింకులో పెట్టండి’ అని ఆవిడ అనగానే ఎంతో నొచ్చుకుని, ‘ముందే చెబితే చేసేవాణ్ణి కదే!’ అనాలి. ఈ ఒక్క వాక్యంతో చేయాల్సిన పని, గుర్తుపెట్టుకుని చెప్పాల్సిన పని రెండూ ఆవిడవే అవుతాయి. ఒక్కోసారి నిజంగానే చేయాల్సి వస్తుంది. అప్పుడు గిన్నెలు తోమి జిడ్డు మిగల్చండి, ఊడ్చి చెత్త తలుపు మూల వదిలేయండి. రెండోసారి పిలవరు. చేసిన ఆ ఒక్కరోజూ ఫొటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. మీ అమ్మగారు కంటనీరు పెట్టుకుంటారు, మీ అత్తగారు అల్లుణ్ణి మెచ్చుకుంటారు, రెండు నెలలు గడిచిపోతాయి.

చివరగా అత్యవసర పరిస్థితి. ‘మీ వీధిలోనే ఉన్నాం, ఓ పావుగంటలో వస్తాం బావా’ అని ఫోను. కంగారు పడకండి. కుర్చీల మీద బట్టలు, డైనింగ్ టేబుల్ మీది మందుల డబ్బా, కరెంటు బిల్లులు, పిల్లల పుస్తకాలు, కోయాల్సిన గోంగూర అన్నీ ఒక దుప్పట్లో మూటగట్టి పడగ్గదిలోకి తోసి, బయట గడియ పెట్టండి. ఒక అగరుబత్తి వెలిగించండి. వాళ్లు ప్లాస్టిక్ కవరు మీద సర్దుకుని కూర్చుని, ‘ఇల్లు అద్దంలా పెట్టుకున్నావమ్మా చెల్లెమ్మా’ అంటారు. మీరు మొహమాటంగా నవ్వి, ‘ఏదో, ఉన్నంతలో’ అనండి.

బావగారు బాత్రూమ్ ఎటు అని అడిగితే మాత్రం, అది పడగ్గదిలోంచే కనుక, పక్కింట్లో చాలా బాగుంటుందని చెప్పి పంపండి.