సుబ్బారావుగారికి ఆర్‌ఎఫ్‌ఈ

అమెరికా వీసా ఆఫీసర్లకి ఈమధ్య హుషారు పెరిగింది. కొత్త ఫైళ్లు ఎలాగూ జల్లెడ పడుతున్నారు గనక, పనిలో పనిగా పాతవి కూడా తిరగతోడితే ఓ పనయిపోతుంది. మొదటి ఫైలు నేనే అందిస్తాను.

పేరు యల్లాప్రగడ సుబ్బారావు. పుట్టింది 1895లో, భీమవరంలో. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను తొడుక్కుని ఆపరేషన్ గదిలోకి వెళ్లాడని దొర ప్రొఫెసరుకి కోపం వచ్చింది. దాంతో ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇలాంటి ప్రొఫైల్ తీసుకెళితే ఇవాళ మన కన్సల్టెన్సీ అమ్మాయి కూడా ముందు బ్యాక్‌లాగ్స్ ఎన్నని అడిగి, తర్వాత మంచినీళ్లిచ్చి పంపేస్తుంది. ప్రయాణం ఖర్చుల దగ్గర మామగారు ఓ చెయ్యి వేశారు. ఈ ఒక్క విషయంలో మాత్రం వందేళ్లయినా మనవాళ్లు మాట తప్పలేదు.

బోస్టన్‌లో దిగి హార్వర్డ్‌లో చేరాడు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు ఎత్తిపోశాడు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1929కల్లా ఇద్దరూ కలిసి ఏటీపీని బయటపెట్టారు. ఇది చదువుతూ మీరు రెప్పవేసినా ఖర్చయ్యేది అదే.

ఇక ఆర్‌ఎఫ్‌ఈ, అంటే ‘ఇంకా రుజువులు పట్రా’ అని వీసా ఆఫీసు పంపే కాగితం, ఇలా వస్తుంది. ‘అయ్యా, బెడ్‌పాన్లు ఎత్తడానికి డిగ్రీ అవసరమని రుజువు చూపగలరు. ఏటీపీ కనిపెట్టే ముందు, ఆ పని చేయగల అమెరికన్ ఎవరైనా ఉన్నారేమోనని ఆదివారం పేపర్లో ప్రకటన వేయించారా? వేయిస్తే కటింగు జతచేయండి. పైగా ప్రాణికోటికి శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందో తేల్చడం మీ జాబ్ డిస్క్రిప్షన్‌లో లేదు. గడువు లోపల జవాబివ్వనిచో ఫైలు మూసివేయబడును.’

నవ్వులాటకి అన్నాను గానీ, అసలు ఫైలు ఇంతకంటే అన్యాయంగా నడిచింది. భారతీయులు తెల్లవాళ్లు కారు గనక పౌరసత్వానికి పనికిరారని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ ‘పనికిరాని’ మనిషే 1940లో లెడర్లీ ల్యాబ్‌కి మారి, ఫోలిక్ యాసిడ్ తయారీ పనిని దగ్గరుండి నడిపించాడు. ఆయన బృందం అందించిన అమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ చిన్నపిల్లల రక్తకేన్సర్‌ని కొంతకాలమైనా అదుపులో పెట్టగలిగాడు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్‌ని కీళ్లవాతం ఉన్న అమెరికన్ ముసలాళ్లు ఇవాళ్టికీ మింగుతున్నారు, వలసలు ఆపాలని ఓటేసి వచ్చినవాళ్లతో సహా.

మన గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి, ‘నా ఎదురుగానే మింగాలండీ’ అని నిలబడి మరీ వేయించే డీఈసీ మాత్ర కూడా ఆ ల్యాబ్‌లోంచి వచ్చిందే. అది భీమవరం అబ్బాయి పంపిన మందని ఆమెకి ఎవరూ చెప్పివుండరు. మింగేవాళ్లకి అసలే తెలీదు.

1946లో అమెరికా మనసు కరిగింది. ఏడాదికి అక్షరాలా 100 మంది భారతీయుల్ని రానిస్తామని, పౌరసత్వమూ ఇస్తామని చట్టం చేసింది. 1948లో సుబ్బారావు పోయాడు, ఏ దేశంలో పాతికేళ్లు పనిచేశాడో ఆ దేశపు పౌరుడు కాకుండానే. అక్కడి శాస్త్రజ్ఞులు ఓ బూజుకి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. మనం 1995లో ఓ తపాలా బిళ్ల వేశాం. లెక్క సరిపోయింది.

చైనావాడి ఫైలు ఇంకా బాగుంటుంది. చియెన్ షుయేసెన్ 1935లో అమెరికా వచ్చాడు. కాలిఫోర్నియాలో జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌కి పునాది వేసినవాళ్లలో ఒకడు. 1945లో అమెరికా సైన్యం ఇతనికి కర్నల్ హోదా ఇచ్చి జర్మనీ పంపింది. అక్కడ, హిట్లర్‌కి వీ-2 రాకెట్లు చేసిపెట్టిన వెర్నర్ ఫాన్ బ్రౌన్‌ని ప్రశ్నలడగడం ఇతని పని. 1950 వచ్చేసరికి ఇతనే కమ్యూనిస్టని అనుమానం. సరే, మా ఊరు పోతానన్నాడు. ‘నీకు చాలా తెలుసు, పోవద్దు’ అన్నారు. ఉండనిస్తారా అంటే, ‘నువ్వు ఉండకూడనివాడివి’ అన్నారు. ఇలా ఐదేళ్లు ఇంటి చుట్టూ కాపలా పెట్టి, 1955లో ఓడెక్కించారు. వాడు వెళ్లి చైనాకి క్షిపణులు చేసిపెట్టాడు. అదే 1955లో ఫాన్ బ్రౌన్‌గారికి అమెరికా పౌరసత్వం దక్కింది. ఈ ఎంపికలో ఏ కొలబద్ద వాడారో అడగకండి, దానికీ ఆర్‌ఎఫ్‌ఈ వస్తుంది.

ఆ ఇబ్బంది లేకుండా ఇప్పుడు లాటరీ పెట్టుకున్నారు. ఏడాదికి 85,000 హెచ్‌1బీలు. పేరు పిక్ అయితే మేధావి, కాకపోతే వచ్చే ఏడాది మేధావి. అందుకే మనవాళ్లు అల్గారిథమ్స్‌తో పాటు చిలుకూరు బాలాజీ గుళ్లో మొక్కుకునేటప్పుడు 11, మొక్కు తీరాక 108 ప్రదక్షిణలు కూడా సిలబస్‌లో కలుపుకున్నారు. గ్రీన్‌కార్డు దగ్గర మాత్రం సర్వదేశ సమానత్వం: ఏ దేశానికైనా 7 శాతం మించకూడదట. నాలుగు లక్షల మంది కూడా లేని ఐస్‌లాండ్‌కి ఎంతో, 140 కోట్ల మనకీ అంతే. ఆపైన 2025 సెప్టెంబరులో, బయటి నుంచి కొత్తగా తెచ్చుకునే హెచ్‌1బీకి లక్ష డాలర్లు కట్టమన్నారు. సుబ్బారావుగారి మామగారు కూడా ఇక్కడ చేతులెత్తేసేవారు.

ఇదంతా ఫోన్లో ఫ్రిస్కోలో ఉన్న మా బాబాయి దగ్గర వెళ్లబోసుకున్నాను. ఆయన వైటూకే రోజుల్లో అమీర్‌పేటలో హడావిడిగా కోబాల్ నేర్చుకుని వెళ్లిన బ్యాచ్. అప్పటి రెజ్యూమేలో రాసుకున్న ఐదేళ్ల అనుభవం నిజమైతే, ఇంటర్‌లో ఉండగానే మెయిన్‌ఫ్రేమ్ మీద కూర్చుని ఉండాలి. ఇప్పుడు సిటిజన్.

‘‘మంచి పని చేశార్రా! వచ్చేవాళ్లలో క్వాలిటీ ఎక్కడేడిసింది? అన్నీ ఫేక్ ఎక్స్‌పీరియన్సులే’’ అన్నాడు.

‘‘పిన్ని తమ్ముడి కొడుక్కి ఈసారి లాటరీ తగిలిందటగా బాబాయ్?’’

‘‘వాడి సంగతి వేరురా. వాడు టాలెంటు. అన్నట్టు వాడి మొక్కు ఒకటి మిగిలిపోయింది. నువ్వెలాగూ ఖాళీగా కూర్చుని రాసుకుంటుంటావు కదా, ఓసారి చిలుకూరు వెళ్లి వాడి పేరున ఆ 108 తిరిగేసి రా.’’